కోసిన కళింగర

ఆ ఎండాకాలం నల్లగుట్టపేటలో కళింగరకాయను కోయడం నేరమైంది. కోయకుండా తింటే ఎవరికీ అభ్యంతరం లేదని అధికారులు అదే ఉత్తర్వులో దయతో తెలియజేశారు.

ఈ సంగతి మొదటినుంచీ చెప్పాలంటే వకీలు ఓబులపతి నల్లకోటు దగ్గర మొదలుపెట్టాలి. అది ఆయన ప్రాక్టీసు పెట్టినప్పుడు కుట్టించుకున్న కోటు. మోచేతుల దగ్గర నలుపు పోయి ఎలుకరంగు తేలింది. గట్టు తగాదాలు, బోరుబావి తగాదాలు, ఒకరి గొర్రెలు ఇంకొకరి చేలో పడి మేసిన తగాదాలు, వీటితోనే ఆ కోటుకు వయసైంది. ఒకరోజు పొద్దున బార్ గదిలో టీ తాగుతూ ఓబులపతి పేపరు తిరగేస్తుంటే ఒక ఫోటో కనబడింది. కూలిపోయిన కోర్టు భవనం. దాని ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఒంటిమీద నల్లకోటు, మోచేతి దగ్గర అదే ఎలుకరంగు. చంకలో దారంతో కట్టిన ఫైలు. ఫోటో కింద ఊరి పేరు గాజా అని ఉంది.

ఓబులపతి టీ చల్లారేదాకా ఆ ఫోటో చూశాడు.

"ఈయప్ప కేసు ఎప్పటికి వాయిదా పడిందో" అన్నాడు.

"కోర్టే లేదు కదన్నా, వాయిదా ఎవరేస్తారు?" అన్నాడు పక్కనున్న జూనియర్ వకీలు, బిస్కెట్టు ముంచుకుంటూ.

ఆ మాట ఓబులపతికి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. తర్వాత నాలుగు పేపర్లు తెప్పించుకుని చదివాడు. ఎక్కడెక్కడో దేశాల్లో వకీళ్లు ఆ పాలస్తీనా జనం తరఫున కోర్టులెక్కుతున్నారని తెలిసింది. "మన కోర్టుకు మాత్రం ఏం తక్కువప్పా? కప్పుంది, జడ్జి ఉండాది, ఫ్యాను గూడా తిరుగుతాంది" అన్నాడు బార్ గదిలో. అందరూ ఔనన్నారు. ఫ్యాను విషయంలో మాత్రం ఒకరిద్దరికి అనుమానం ఉంది.

ఆయన కోరింది పెద్దదేమీ కాదు. ఒక ఆదివారం సాయంత్రం పాత బస్టాండులో నిలబడి, అక్కడ మనుషులకు ఏమవుతోందో తన ఊరి వాళ్లకు ఒక్కసారి గట్టిగా చెప్పాలి. అంతే. ఉపన్యాసం రాసుకున్నాడు. కాస్త పొడుగ్గానే వచ్చింది. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని అనుమతి కోసం పోలీస్ స్టేషనుకు పోయాడు.

సీఐ చక్రపాణిది కోస్తా. మనిషి మంచివాడు. లంచం ముట్టడు, మడత నలగని యూనిఫాం వేస్తాడు. ఆయనకున్న అలవాటల్లా ఆఫీసు కాగితాల భాషలో మాట్లాడటం. ఇంట్లో కూడా "సాంబారునందు ఉప్పు తగ్గియున్నట్లు నా దృష్టికి వచ్చినది" అంటాడని కానిస్టేబుళ్లు చెప్పుకుంటారు.

"సుదూర దేశ విషయమై పాత బస్టాండునందు సభ జరిపినచో ఉద్రిక్తత తలెత్తు అవకాశము కలదు" అన్నాడు.

"పాత బస్టాండుకు బస్సే రాదు సార్. ఉద్రిక్తత ఎట్లొస్తాది?"

"రావచ్చునన్న ఆందోళన మాకు కలదు. కావున అనుమతి నిరాకరించడమైనది."

ఓబులపతి గొడవ పడలేదు. వకీలు కదా, సభకు అనుమతి ఇప్పించమని కోర్టులో పిటిషన్ వేశాడు. మూడోనాడు బెంచి క్లర్కు దాన్ని వాపసు ఇచ్చాడు. ఆ క్లర్కు భూమి దావాల్లో ఆరితేరిన వాడు. భూమి అన్న మాట కనబడితే చాలు, అడుగున హద్దుల షెడ్యూలు కోసం వెతుకుతాడు.

"పాలస్తీనా భూమి అని రాసినావు, చెక్కుబంది యాడన్నా? నాలుగు పక్కలా హద్దులు రాయకుంటే కేసుకు నంబరెట్లేయల్ల?"

"హద్దుల దగ్గరే కదప్పా గొడవంతా."

"గొడవుంటే ఉండనీ. తూర్పు ఎవరిది, పడమర ఎవరిదో రాయల్ల గదా."

"పడమర సముద్రం."

క్లర్కు కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు ఆలోచించాడు. "అట్లయితే సముద్రాన్ని గూడా పార్టీగా చేర్చి, నోటీసు ఫీజు కట్టు" అన్నాడు.

పిటిషన్ ఇట్లా క్లర్కుకూ వకీలుకూ మధ్య తిరుగుతుండగా దాని సంగతి పైకి పాకింది. పైనుంచి సబ్ డివిజన్‌కు ఒక రహస్య సూచన దిగింది. సదరు దేశపు అభిమానులు జెండా పట్టుకోవడానికి వీలులేని చోట పుచ్చకాయ ముక్క పట్టుకొందురు, అందులో ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు కలవు, తగు జాగ్రత్త వహించవలెను అని.

చక్రపాణి సూచన చదివి కిటికీలోంచి బయటికి చూశాడు. పాత బస్టాండు పొడుగునా కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. కోసిన ముక్కలు గాజుపెట్టెల్లో మెరుస్తున్నాయి. బడిపిల్లలు, ముసలివాళ్లు, మున్సిపాలిటీ మేస్త్రీ, అందరి చేతుల్లోనూ ముక్కలే. ఊరంతా ఎప్పటినుంచో తిరుగుబాటులో ఉందనీ, తనకే ఆలస్యంగా తెలిసిందనీ ఆయనకు చెమట పట్టింది.

సాయంత్రానికల్లా ఆయన రాసి పంపిన కాగితం మీద ఆర్డీవో సంతకమైంది. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. "కోసిన పుచ్చకాయను బహిరంగ ప్రదేశములందు ప్రదర్శించరాదు. కోయని పుచ్చకాయకు ఈ ఉత్తర్వు వర్తించదు."

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఆ కాయను పుచ్చకాయ అనేది చక్రపాణి పుట్టిన వైపు. నల్లగుట్టపేటలో దాన్ని కళింగరకాయ అంటారు. పుచ్చకాయ అంటే ఇక్కడి జనానికి పుచ్చిపోయిన కాయ. అందుకని మైకు విని బజారు బజారంతా సంతోషించింది. ఇన్నాళ్లకు ఒక మంచి ఆఫీసరు వచ్చి కుళ్లిన సరుకు అమ్మేవాళ్ల భరతం పడుతున్నాడని చెప్పుకున్నారు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది దస్తగిరమ్మ. పాత బస్టాండు మూలన తోపుడుబండి ఆమెది. కాయను వేలితో కొట్టి విని, కత్తితో మూడు మూలల గాటుపెట్టి, ఆ ముక్కను కత్తిమొనకు గుచ్చి పైకెత్తి చూపించనిదే కాయ అమ్మదు. లోపల ఎర్రగా లేకపోతే కొనొద్దంటుంది. మర్నాడు చక్రపాణి కానిస్టేబుళ్లను వెంటేసుకుని తనిఖీకి వచ్చి, మర్యాదగానే అడిగాడు.

"ఏమ్మా, ఇవన్నీ పుచ్చకాయలేనా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"యా పాపిష్టోడు చెప్పినాడు సామీ, నావి పుచ్చకాయలని? ఆ కొసన ఉండాడే, వానివి పుచ్చకాయలు. నావి చూడు!"

బండిమీద ఉన్నవాటిలోకెల్లా పెద్దకాయను నడిమికి చీల్చి, ఒక చెక్కను రెండు చేతులతో తలపైకెత్తి, నాలుగు దిక్కులకూ తిప్పింది.

"రాండప్పా రాండి! అందరూ చూడండి! దీంట్లో పుచ్చు యాడుందో చూపించండి ఈ సామికి!"

జనం మూగారు. ఆమె ధైర్యానికి ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రదర్శన అంటే ఏమిటని చక్రపాణి శిక్షణలో చదువుకున్నాడో అదంతా అక్షరం తప్పకుండా ఆయన కళ్లముందే జరుగుతోంది. ఎత్తిన చేతులు, నాలుగు రంగులు, గుమిగూడిన జనం, నినాదాలు. బండిని కాయలతో సహా స్టేషనుకు తోయించాడు. తోసింది హెడ్ కానిస్టేబుల్ రుద్రప్ప. దారి పొడుగునా దస్తగిరమ్మ ఆయనకు పక్కనుంచి సూచనలిస్తూనే ఉంది.

"గుంతలో దించొద్దు రుద్రప్పా, కాయలు పగుల్తాయి. పగిల్తే మళ్లీ దానికొక కేసు పెడ్తారు మీరు."

స్టేషను బెయిలు తీసుకుని ఆమె నేరుగా ఓబులపతి ఇంటికి వచ్చింది.

"వకీలు సామీ, నా మీద కేసు పెట్టినారు. పాలస్తీనా, పాలస్తీనా అంటాండారు. ఎవరు సామీ ఆయమ్మ? ఆమె గూడా కాయలమ్ముతాదా?"

ఓబులపతి జేబులో ఉపన్యాసం కదిలింది. చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకుతుంది. "అది ఊరు పేరు దస్తగిరక్కా" అని ఊరుకున్నాడు.

"మరి ఆ ఊరోళ్లతో నాకేం పని? నా బండి నాకిప్పియ్యి. ఎండకు కాయలన్నీ నిజంగానే పుచ్చకాయలైపోతాయి."

ఆమె కేసు ఆయన తీసుకున్నాడు. తన పిటిషన్ ఇంకా సముద్రం దగ్గరే ఆగి ఉంది.

ఈలోపు ఊళ్లో పరిపాలన చురుకైంది. పుచ్చకాయ అనే మాట చాలడంలేదని ఉత్తర్వును సవరించారు. "పుచ్చకాయ, అనగా కళింగరకాయ, అనగా తర్బూజు, మరియు ఇతర పేర్లు గల సదరు కాయ" అని రాశారు. లోపల ఎరుపు చూడకుండా కొనేవాళ్లు లేక బేరాలు పడిపోయాయని అమ్మేవాళ్లు మొరపెట్టుకుంటే చక్రపాణి సానుభూతితో విన్నాడు. పాత బస్టాండులో నాలుగు కర్రలు పాతి, దుప్పటి కట్టి ఒక మరుగు ఏర్పాటు చేయించాడు. కొనేవాడు ఒక్కడే లోపలికి పోయి, అమ్మేవాడు గాటుపెడితే ఎరుపు చూసుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా బయటికి రావాలి. పాపం చాలామంది ప్రయత్నించారు. కాయ బాగుంటే నవ్వు ఆగేది కాదు. నవ్విన వాళ్లను రుద్రప్ప పక్కకు పిలిచి, ఎందుకు నవ్వారో అడిగి పంపేవాడు.

బడిలో ఒకటో తరగతి గోడ మీదున్న పండ్ల పటంలో ఆ కాయ బొమ్మ మీద తెల్లకాగితం అంటించారు. పిల్లలు అరటి, మామిడి, జామ అని చదువుకుంటూ వచ్చి కాగితం దగ్గర ఆగి, "ఉష్" అని, తర్వాత ద్రాక్ష అనేవాళ్లు.

ఆపైన అసలు ప్రశ్న తలెత్తింది. నేరం కాయదా, రంగులదా? చక్రపాణి రెండు రాత్రులు ఆలోచించి రంగులదేనని తేల్చాడు. నాలుగు రంగులూ ఒకేచోట, ఒకే మనిషి వద్ద, ఒకే సమయమునందు చేరరాదు. మూడు వరకు అభ్యంతరము లేదు. ఈ నియమం వచ్చాక రుద్రప్పకు జనాన్ని చూస్తే ముందు వేళ్లు ముడవడం అలవాటైంది. మొదటి దెబ్బ పెద్దవీధి పెళ్లికి తగిలింది. పెళ్లికూతురు పచ్చచీర, ఎర్రరవిక, జడలో మల్లెపూలు. రుద్రప్ప పందిట్లో నిలబడి నాలుగోవేలు మడిచాడు.

"యాదో ఒక రంగు తీసేయండమ్మా. మీ ఇష్టం, నేనేం బలవంతం చేయను" అన్నాడు మొహమాటంగా.

"యాది తీయమంటావు నాయనా? జుట్టు నలుపు దేవుడిచ్చిండాడు" అంది పెళ్లికూతురి మేనత్త.

చివరికి మల్లెపూలకు పసుపు రాసి పెళ్లి జరిపించారు. రుద్రప్ప అక్షింతలు వేసి, భోంచేసి, తాంబూలం తీసుకుని వచ్చాడు. పసుపుపూలు కూడా అందంగానే ఉన్నాయని స్టేషనులో చెప్పాడు.

దస్తగిరమ్మ కేసు విచారణకు వచ్చిన రోజు కోర్టు నిండింది. జడ్జి మేడం ఆ ఊరికి కొత్త. తక్కువ మాట్లాడుతుంది, అన్నీ రాయిస్తుంది. సర్కారు వకీలు లేచి ముద్దాయి కోసిన కాయను బహిరంగంగా ప్రదర్శించిందని చెప్పి, సాక్ష్యంగా ఒక కళింగరకాయను బల్లమీద పెట్టించాడు. దానికి గుడ్డచుట్టి, లక్కసీలు వేసి, మెడలో చీటీ కట్టారు. పెళ్లికొడుకులా ఉంది.

"ఇది కోయని కాయ కదా" అంది జడ్జి.

"కోసినది చెడిపోయినది మేడం. అందుచేత అదే బండిలోనిది, అదే జాతిది హాజరుపరచడమైనది."

ఓబులపతి లేచాడు. "కోయని కాయకు ఈ ఉత్తర్వు వర్తించదని ఉత్తర్వే చెప్తాంది మేడం. ఏ తప్పూ చేయని కాయను తెచ్చి బోనులో పెట్టినారు."

"అట్లయితే కోయండి" అంది జడ్జి.

సర్కారు వకీలు చక్రపాణిని చూశాడు. చక్రపాణి ఉత్తర్వును చూశాడు. కోర్టు బహిరంగ ప్రదేశమే. అక్కడ కాయ కోసి చూపిస్తే కోసినవాళ్ల మీద కేసు పెట్టాలి. పెట్టవలసింది ఆయనే. తలుపులు మూసి విచారించమని అడిగితే, ఇది తలుపులు మూసే కేసు కాదంది జడ్జి. పైఅధికారుల మినహాయింపు తెచ్చుకునేందుకు గడువిచ్చి వాయిదా వేసింది.

వాయిదా అన్న మాట వినగానే ఓబులపతికి ఆ ఫోటోలో మనిషి గుర్తొచ్చాడు. కోర్టుంటే వాయిదా అయినా వస్తుంది కదా అనుకున్నాడు.

మినహాయింపు వచ్చింది. ఆర్డీవో ఆఫీసు చాలా శ్రమపడి రాసినట్టుంది. "న్యాయస్థాన ప్రయోజనార్థము ఒక్క కాయను, ఒక్క పర్యాయము, ఒక్క కోతతో కోయుటకు అనుమతించడమైనది. కోసిన పిమ్మట ఎర్రభాగము ప్రజలవైపు తిరుగకుండ తగు చర్యలు తీసుకొనవలెను."

ఆ రోజు కోర్టులో నిలబడేందుకు చోటు లేదు. పెళ్లికూతురి మేనత్త కిటికీ దగ్గర చోటు పట్టింది. కొడవలి, గొడ్డలి లాంటివి సాక్ష్యాలుగా చాలానే ఉన్నాయి కానీ కాయ కోసే కత్తి కోర్టులో లేదు. దస్తగిరమ్మ నడుముకున్న కత్తి తీసిచ్చింది. రుద్రప్ప సీలు విప్పి, కాయ మీద చెయ్యివేసి ఆగిపోయాడు.

"మెల్లగా, కాయమీది నామాల పొడుగునా కొయ్యి రుద్రప్పా. అడ్డంగా కోస్తే గింజలు చిట్లుతాయి" అంది ముద్దాయి బోనులోంచి.

కాయ రెండు చెక్కలైంది. ఎర్రగా ఉంది. హాల్లో అందరి నోట్లోంచీ "ఆ" అని ఒక శబ్దం వచ్చింది. రుద్రప్ప తగు చర్యగా ఎరుపును గోడవైపు తిప్పాడు. గోడవైపు జడ్జి ఉంది. ఆమె చూడాలి కదా. వకీళ్లూ చూడాలి, సాక్షీ గుర్తుపట్టాలి. అట్లా తిప్పి తిప్పి చివరికి హాల్లో చూడనివాళ్లు లేకుండా పోయారు.

చక్రపాణి సాక్షి బోనెక్కి ప్రమాణం చేశాడు. ఓబులపతి ఆయన ముందుకు వచ్చాడు. అడ్డప్రశ్నలకు ఆయన ఏమీ రాసుకురాలేదు. జేబులో ఉపన్యాసం ఒక్కటే ఉంది.

"ఈ కాయ కోసి చూపిస్తే తప్పేంది సార్?"

"అది ఒక విదేశ పతాకమును తలపించుచున్నది."

"ఏ దేశానిది?"

చక్రపాణి సర్కారు వకీలు వైపు చూశాడు. ఉత్తర్వులో ఎక్కడా ఆ పేరు రాయలేదు. పేరెత్తకుండా నిషేధించడం కోసమే అంత శ్రమపడ్డారు.

"సాక్షి జవాబు చెప్పాలి" అంది జడ్జి.

"పాలస్తీనా."

జడ్జి టైపు చేసే అమ్మాయితో గట్టిగా అంది. "పాలస్తీనా జెండాను తలపిస్తుందని సాక్షి చెప్పాడు." టకటకమని శబ్దం.

"జెండా ఉండగా కాయెందుకు పట్టుకుంటారు సార్ వాళ్లు?"

"పూర్వము అచ్చట సదరు జెండా పట్టుకొనిన వారిని నిర్బంధించెడివారని, అందుచే కాయ ముక్క పట్టుకొనిరని చెప్పుదురు."

"ఎవరు నిర్బంధించేది?"

"ఆక్రమించిన సైన్యము."

"ఎవరి భూమిని ఆక్రమించింది?"

"వారి భూమినే."

"ఎవరి భూమి?"

"పాలస్తీనా వారి భూమినేనండి" అన్నాడు చక్రపాణి. ప్రమాణం చేశాడు, అబద్ధమాడే అలవాటు ఆయనకు లేదు. జడ్జి రాయించింది. బెంచి క్లర్కు తల ఎత్తి చూశాడు.

"పూర్వం సంగతి సరే. ఇప్పుడెందుకు పట్టుకుంటాండారు?"

"ఇప్పుడు అచ్చట గాజాయందు... బాంబుదాడుల కారణముగా ప్రాణనష్టము సంభవించి..." చక్రపాణి ఆగాడు. "పిల్లలు పోయారండి. వేలమంది. ఇళ్లు పోయాయి, ఆస్పత్రులు పోయాయి. తిండి దొరక్కండి... గిన్నెలు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. చిన్నపిల్లలు."

ఆయన మాటల్లోంచి కలదులూ యున్నదులూ జారిపోయాయని ఎవరూ ఆయనకు చెప్పలేదు. హాల్లో ఫ్యాను తిరగడంలేదు. అందుకని బయట కిటికీ దగ్గరున్న వాళ్లకు కూడా అన్నీ స్పష్టంగా వినబడ్డాయి.

"ఇదంతా మీకెట్ల తెలుసు సార్?" అన్నాడు ఓబులపతి మెల్లగా.

"నిషేధించాలంటే ముందు చదవాలి కదండీ" అన్నాడు చక్రపాణి.

ఓబులపతి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇంకేమైనా అడిగేది ఉందా?" అంది జడ్జి.

"లేదు మేడం. సీఐ గారు అంతా చెప్పినారు."

వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలి, అది పద్ధతి. బెంచి క్లర్కు లేచి, భూమి దావాల్లో హద్దులు చదివే గొంతుతో మొదటినుంచీ చదివాడు. మొదటిసారి వినబడని వాళ్లు రెండోసారి విన్నారు. పిల్లలు అన్నచోట క్లర్కు ఒక క్షణం ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ అందుకున్నాడు. సరిగానే ఉందని చక్రపాణి సంతకం చేశాడు.

ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగితే, దస్తగిరమ్మ బోనులో చేతులు కట్టుకుని అంది.

"నా కాయలో ఇంత కత ఉండాదని నాకు తెలీదు తల్లీ. తెలిసింటే ఇంకో రెండు కోసిందును."

ముద్దాయి ఈ మాట అనకుండా ఉంటే బాగుండునని ఓబులపతి కళ్లు మూసుకున్నాడు. జడ్జి ఆ మాట రాయించలేదు. అన్నీ రాయించే మనిషి అది ఒక్కటీ వదిలేసింది.

తీర్పు పొట్టిగా ఉంది. ఉత్తర్వు వెలువడిన నాడు అందులో ఉన్నది పుచ్చకాయ. ముద్దాయి తనది పుచ్చకాయ కాదని నిరూపించేందుకే కోసింది. అందులోని జెండా సంగతి ఆమెకు నేటివరకు తెలియదు, ఈ ఊళ్లో తెలిసిన వ్యక్తి సాక్షి ఒక్కరే. నేరం రుజువు కాలేదు. బండి తిరిగి ఇచ్చేయాలి.

"మేడం, మరి ఈ కాయ?" అన్నాడు రుద్రప్ప, రెండు చెక్కలూ పట్టుకుని. రసం కారి మోచేతులకు అంటింది.

"పాడయ్యే సొత్తు కదా. ఉన్నవాళ్లకు పంచేయండి. కోర్టు హాల్లో తినకూడదు, బయటికి తీసుకుపోవాలి" అంది జడ్జి, తర్వాతి ఫైలు తెరుస్తూ.

కోర్టు ఉత్తర్వు కదా, రుద్రప్ప శ్రద్ధగా పంచాడు. దస్తగిరమ్మ పక్కన నిలబడి కోసిచ్చింది. ఒక కాయ చాలకపోతే స్టేషనులోని బండి తెప్పించి, చెడిపోకుండా మిగిలిన కాయలు కూడా కోసింది. చేతిలో ముక్కతో జనం ఒకరి వెనక ఒకరు కోర్టు మెట్లు దిగారు. ఎండ మండుతుంటే నీడకోసం అందరూ పాత బస్టాండు వైపే నడిచారు. పెళ్లికూతురి మేనత్త ముందు, బడిపిల్లలు మధ్యలో, బార్ గది వకీళ్లు వెనక. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు, నోళ్ల నిండా కళింగరే. పక్కనుంచి రుద్రప్ప ఈల ఊదుతూ ఆవులను తప్పించాడు. చక్రపాణి స్టేషను కిటికీలోంచి చూశాడు. అనుమతి లేని ఊరేగింపా, కోర్టు ఉత్తర్వు అమలా అని ఆలోచించి, కిటికీ రెక్క దగ్గరికి వేసుకున్నాడు. ఆయన బల్లమీద కూడా ఒక ముక్క ఉంది. దస్తగిరమ్మ పంపించింది.

"ఓబులపతన్నా!" బెంచి క్లర్కు పరుగున వచ్చి దారిలో కలిశాడు. గడ్డం మీద ఒక గింజ అంటుకుని ఉంది. "ఆ పిటిషన్ తీసుకురా. హద్దులు వివాదంలో ఉన్నవి అని రాసి తీసుకురా, చాలు. నంబరేస్తా."

"సముద్రానికి నోటీసు?"

"అది తర్వాత చూసుకుందాం లే."

ఓబులపతి ముక్క తింటూ పాత బస్టాండు మధ్యకు చేరాడు. తినడం అలవాటు లేని మనిషిలా తిన్నాడేమో, మెడలోని తెల్లబ్యాండు మీద రసం పడింది. రుద్రప్ప దగ్గరికి వచ్చి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

"సార్, కోటు నలుపు. కొంచెం ఎలుకరంగైనా నలుపు కిందికే వస్తాది. బ్యాండు తెలుపు. మరక ఎరుపు. మూడైనాయి." గొంతు తగ్గించాడు. "నా మాటిని చేతిలో ఆ పచ్చచెక్కు పారేయండి సార్. లేదంటే మీరే జెండా అయితారు."

ఓబులపతి చేతిలోని చెక్కును చూశాడు. ఎరుపంతా తినేశాడు, అడుగున తెలుపు, దాని కింద పచ్చతోలు. దానికోసం ఒక ఆవు అప్పటికే మెడ చాచి నిలబడి ఉంది. ఆయన పారేయలేదు. చెక్కును ఫైలులా చంకలో పెట్టుకుని, ఆ ఫోటోలో మనిషి ఎట్లా నిలబడ్డాడో అట్లాగే నిలబడ్డాడు. ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. ఎక్కడినుంచో ఇంత గాలి వచ్చి కోటు అంచు రెపరెపలాడింది.

రుద్రప్ప చూశాడు. చూసి, ట్రాఫిక్కు సరిచేయడానికి అటు తిరిగి నిలబడ్డాడు.

పాత బస్టాండులో ట్రాఫిక్కు ఉండదు.